డెవలపరు సీసాలో క్షారం – ఒక పాత మెమోకు ఆలస్యంగా సంజాయిషీ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. కరువు భత్యం గురించీ, హెల్త్ కార్డుల గురించీ రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఫొటో డెవలపరు చరిత్ర రాస్తానన్నాను. గుమాస్తాగా రిటైరైన వాడికి డెవలపరుతో పనేమిటని ఆయనకు అనిపించింది. మీకూ అనిపించవచ్చు.

నా సర్వీసులో ఏడేళ్లు ఒక శాఖవారి ఫొటో విభాగంలో స్టోర్సు గుమాస్తాగా పనిచేశాను. మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, వెలిగారం, హైపో – ఇవన్నీ నా స్టాకు రిజిస్టరులో నెలనెలా ఎక్కి దిగినవే. వాటి ధరలు తెలుసు, నిల్వలు తెలుసు. అవి చీకటి గదిలో ఏం చేస్తాయో మాత్రం తెలియదు. ఆ తెలియనితనం వల్ల ఒక తోటి ఉద్యోగికి అన్యాయం జరిగింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత చరిత్రలోకి వస్తాను.

1979 నాటి మెమో

మా విభాగంలో నలుపు-తెలుపు ఫిల్ములు కడగడానికి డి-76 అనే డెవలపరు వాడేవారు. రసాయనాలు విడివిడిగా కొని, తూచి, డార్క్ రూమ్ అసిస్టెంటే కలిపేవాడు. ప్రతి వారం కొంచెం కొంచెంగా కలిపే పద్ధతి ఉండేది. ఇలా కాకుండా రెండు నెలలకోసారి పెద్ద జాడీలో ఒకేసారి కలిపి ఉంచుకుంటే మిగిలిపోయినది పారబోయడం తగ్గుతుందని, పని గంటలు కలిసివస్తాయని నేను ఒక నోటు పెట్టాను. పై అధికారి ఆమోదించారు. "మంచి సూచన" అని ఫైలు మీద రాశారు కూడా. ఆ రెండు మాటలకు నేను చాలా రోజులు మురిసిపోయాను.

అలా కలిపిన జాడీ ఏడో వారంలో సగానికి పైగా ఖాళీ అయింది. అప్పుడు ఒక ప్రాజెక్టు పునాది పనుల ఫిల్ములు వచ్చాయి. వాటిని తీసిన మరునాడే అక్కడికి నీళ్లు వదిలారు. అంటే ఆ ఫొటోలు మళ్లీ తీయడానికి వీలులేదు. కడిగి చూస్తే నెగటివులు మరీ నల్లగా వచ్చాయి. ఆకాశమూ, కాంక్రీటూ కలిసి ఒకే మచ్చ అయ్యాయి. ప్రింట్లు వేస్తే సుద్ద, బొగ్గు తప్ప మధ్యలో ఛాయలేమీ లేవు.

అసిస్టెంటుకు మెమో వెళ్లింది. నిర్ణీత సమయంకన్నా ఎక్కువసేపు ఫిల్మును డెవలపరులో ఉంచి నష్టం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆయన ఇచ్చిన జవాబు నాలుగు వాక్యాలు: గడియారం చూసే కడిగాను. నీటి వేడి థర్మామీటరుతో చూశాను. రెండు మూడు వారాలుగా డెవలపరు వాడి పెరుగుతోంది. ఈ సంగతి నోటితో ముందే చెప్పాను.

మా సూపరింటెండెంటుగారు అది చదివి, "నిలవ ఉన్న మందుకు బలం తగ్గుతుందిగానీ పెరుగుతుందిటయ్యా?" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని డ్రాఫ్టు రాసింది నేనే. ఫిల్ముల ఖరీదు ఆయన జీతంలోంచి మూడు వాయిదాలలో రికవరీ చేశారు. సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది.

రిటైరైన తర్వాత ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే, ఫొటో రసాయనాల మీద అట్టలు ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. అందులో డి-76 పేరు కనబడగానే కొన్నాను. ఆ ఫార్ములా నిలవ ఉంటే వాడి పెరుగుతుందని అందులో స్పష్టంగా ఉంది. ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడానికి తర్వాత మరికొంత చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

క్షారం లేని రోజులు

ఫిల్ము మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువులో కంటికి కనబడని చిన్న మార్పు వస్తుంది. డెవలపరు అలాంటి రేణువులను వెతికి పట్టుకున్నట్టు నల్లని వెండిగా మారుస్తుంది. తగలని రేణువులను హైపో కరిగించి తీసేస్తుంది. మొత్తం విద్య ఇంతే. ఈ పనిని నడిపించే ఇంధనం క్షారం అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

1841లో ఇంగ్లండులో టాల్బట్ ప్రకటించిన కాలొటైప్ పద్ధతిలో గాలిక్ యాసిడ్, సిల్వర్ నైట్రేట్, ఎసిటిక్ యాసిడ్ కలిపి బొమ్మను పైకి తెచ్చేవారు. 1851లో ఆర్చర్ తెచ్చిన వెట్ కొలోడియన్ పద్ధతిలోనూ ఆమ్ల ద్రావణాలే వాడారు. ప్లేటు తడిగా ఉండగానే ఫొటో తీసి, తడిగా ఉండగానే కడగాలి. ఫొటోగ్రాఫరు వెంట గుడారం, సీసాల పెట్టె, నీళ్లు మోసే మనుషులు ఉండాల్సిందే.

ప్లేట్లను ముందే తయారుచేసి, ఆరబెట్టి దాచుకోవాలని చాలామంది ప్రయత్నించారు. ఆరిన ప్లేటు మీద ఆమ్ల డెవలపరు బాగా పనిచేయలేదు. 1862లో ఇంగ్లండుకు చెందిన మేజర్ చార్లెస్ రస్సెల్ పైరోగాలాల్‌కు అమ్మోనియా జతచేసి ఆ చిక్కు విప్పారు. అమ్మోనియా క్షారం. అది చేరగానే డెవలపరుకు వేగం వచ్చింది. అయితే వెలుతురు తగలని రేణువులు కూడా నల్లబడసాగాయి. వాటిని అదుపులో పెట్టడానికి కొద్దిగా బ్రోమైడ్ కలిపారు. ముందుకు తోసే క్షారం, వెనక్కి పట్టే బ్రోమైడ్ – ఈ జంట ఆనాటి నుంచి చాలా డెవలపర్లలో కొనసాగింది.

1871లో డాక్టర్ మాడాక్స్ జెలటిన్ డ్రై ప్లేటు గురించి రాశారు. 1880 నాటికి అవి బజారులో దొరికేవి. 1880లలో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన మన లాలా దీన్‌దయాళ్ ఫొటోగ్రఫీ చేసినది సరిగ్గా ఈ మార్పు జరిగిన కాలంలోనే.

అమ్మోనియా నుంచి సోడా దాకా

అమ్మోనియాతో ఒక ఇబ్బంది ఉంది. సీసా మూత తీసినప్పుడల్లా కొంత గాలిలో కలిసిపోతుంది. నిన్నటి బలం ఇవాళ ఉండదు. అందుచేత క్రమంగా దాని స్థానంలోకి సోడియం కార్బొనేట్ వచ్చింది. అంటే మన చాకలి సోడాయే. 1880లో ఆబ్నీ హైడ్రోక్వినోన్‌ను డెవలపరుగా పరిచయం చేశారు. 1882లో బర్క్‌లీ సోడియం సల్ఫైట్ కలిపితే డెవలపరు గాలికి త్వరగా చెడిపోదని చూపారు. 1891లో జర్మనీ నుంచి మెటాల్ వచ్చింది. అదే ఏడాది ఆండ్రెసెన్ తయారుచేసిన రోడినాల్ కూడా వచ్చింది. అది కాస్టిక్ జాతి తీవ్ర క్షారంతో నడిచేది.

మెటాల్‌కు కొద్దిపాటి క్షారం చాలు. హైడ్రోక్వినోన్ మాత్రం గట్టి క్షారం లేనిదే సొంతంగా కదలదు. కారణం ఏమిటంటే, హైడ్రోక్వినోన్ అణువు తనలోని హైడ్రోజన్‌ను అయాన్‌గా వదిలాక గానీ వెండి రేణువుతో చురుకుగా పనిచేయలేదు. దాన్ని వదిలించేది క్షారం. క్షారం కొంచెం పెరిగితే పనిచేసే అణువుల సంఖ్య బాగా పెరుగుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి. మా అసిస్టెంటు సంజాయిషీకి మూలం ఇక్కడే ఉంది.

కొలవడానికి అంకె లేని కాలం

ఇంతకాలమూ క్షారాన్ని గ్రాముల్లో తూచి వేయడమే తప్ప, కలిపిన తర్వాత ద్రావణంలో దాని తీవ్రత ఎంతో చెప్పే అంకె లేదు. తూకంలోనూ తిరకాసు ఉంది. చాకలి సోడా స్ఫటికాల బరువులో సుమారు 63 శాతం నీరే. నీరు లేని పొడి సోడా 37 గ్రాములు వేయవలసిన చోట స్ఫటికాలైతే 100 గ్రాములు వేయాలి. ఫార్ములాలో ఏ సోడా అని చూడకుండా తూచినవారు దెబ్బతినేవారు.

ఆ అంకె ఇచ్చినది ఫొటోగ్రాఫరు కాదు. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీవారి ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త. 1909లో ఆయన పీహెచ్ అనే కొలతను ప్రతిపాదించారు. 7 అంటే తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నిమ్మరసం 2 దరిదాపుల్లో ఉంటుంది. వెలిగారం నీళ్లు 9.2, చాకలి సోడా నీళ్లు 11 దాకా ఉంటాయి. ఒక్క అంకె పెరిగితే తీవ్రత పది రెట్లు పెరిగినట్టు. అందుకే 8.5కీ 9కీ తేడా చూడడానికి అర అంకే అయినా, లెక్కలో మూడు రెట్లు.

ఆ కాలంలోనే అమెరికాలో హెండర్సన్ మన రక్తం ఆమ్లాన్ని ఎలా తట్టుకుంటుందో 1908లో లెక్కగట్టారు. రక్తం పీహెచ్ 7.35–7.45 మధ్య నిలబడడానికి బైకార్బొనేట్ ముఖ్య కారణం. మనలో కిడ్నీ ఇబ్బంది ఉన్నవారి రక్త పరీక్ష కాగితాల్లో ఆ పేరు కనబడుతూనే ఉంటుంది. ఇలా పీహెచ్‌ను కదలనీయకుండా పట్టి ఉంచే మిశ్రమాన్ని బఫర్ అంటారు.

జేబులో డబ్బు, బ్యాంకులో డబ్బు

బఫర్ అంటే ఏమిటో మన భాషలో చెబుతాను. ఇద్దరు గుమాస్తాల జేబుల్లో చెరొక వంద రూపాయలు ఉన్నాయనుకోండి. ఒకరికి బ్యాంకులో పదివేలు నిల్వ ఉంది, రెండోవారికి ఏమీ లేదు. జేబులు చూస్తే ఇద్దరూ సమానమే. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అప్పుడు తెలుస్తుంది తేడా. పీహెచ్ జేబులోని వంద. బఫర్ బ్యాంకులోని నిల్వ.

డెవలపరులో ఈ నిల్వతో రెండు అవసరాలున్నాయి. ఫిల్ము కడుగుతున్నప్పుడు ఆమ్లం పుడుతుంది. దానివల్ల పీహెచ్ తగ్గుతుంది. సీసాలో నిలవ ఉన్నప్పుడు దీనికి విరుద్ధంగా జరగవచ్చు. కార్బొనేట్ డెవలపర్లలో క్షారం గ్రాములకు గ్రాములు ఉంటుంది. కార్బొనేట్, బైకార్బొనేట్ జంట మంచి బఫర్ కూడా. అందుచేత వాటికి ఈ బాధ తక్కువ. తక్కువ క్షారంతో నడిచే సున్నితమైన డెవలపర్లు వచ్చాక అసలు చిక్కు బయటపడింది.

టాకీలు – డి-76

అమెరికాలో రోచెస్టర్ నగరంలోని కొడాక్ పరిశోధనశాలలో కాప్‌స్టాఫ్ రూపొందించిన డి-76, 1920ల రెండో సగంలో సినిమా పరిశ్రమలోకి వచ్చింది. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. మన ఊళ్లలో కంసాలులు బంగారం అతకడానికి వాడే వెలిగారమే ఇది. క్షారం ఇంత తక్కువ గనుక బొమ్మలో రేణువు సన్నగా, ఛాయలు మెత్తగా వచ్చేవి.

అప్పటిదాకా సినిమా ల్యాబుల్లో ఫిల్మును చట్రాలకు చుట్టి తొట్టెల్లో ముంచి, ఎర్ర దీపం వెలుతురులో కంటితో చూసి, చాలనుకున్నప్పుడు తీసేవారు. పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చాక ఆ ఎర్ర దీపం కూడా పనికిరాలేదు. కారణం, ఆ ఫిల్ము ఎరుపును కూడా చూస్తుంది. ఇక గడియారం, థర్మామీటరు మీదే ఆధారపడాలి. 1927లో ‘ది జాజ్ సింగర్’ తర్వాత టాకీల హడావుడి మొదలైంది. శబ్దాన్ని ఫిల్ము అంచున నలుపు-తెలుపు ఛాయల తేడాలుగా ముద్రించే పద్ధతి ఒకటి ఉండేది. అందులో డెవలపరు బలం మారితే బొమ్మతో పాటు మాట కూడా పాడవుతుంది. అందుచేత డెవలపరు ఇవాళా రేపూ ఒకేలా పనిచేయడం ల్యాబులకు ప్రాణావసరమైంది.

ఆ దశలో డి-76 కలిపిన కొద్ది వారాలకు వాడి పెరుగుతున్నట్టు ల్యాబుల్లో కనిపెట్టారు. కొడాక్‌కే చెందిన కార్ల్‌టన్, క్రాబ్‌ట్రీ దీన్ని పరిశీలించి 1929లో అమెరికా సినిమా ఇంజనీర్ల సంఘం పత్రికలో ప్రకటించారు. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చినది 1932లో. అంటే తెలుగు సినిమా మాట్లాడక ముందే ఈ సంగతి అచ్చులో ఉంది.

వాడి ఎందుకు పెరుగుతుంది?

జాడీలోని గాలిలో ఆక్సిజన్ ఉంది. అది ద్రావణంలోకి చేరి హైడ్రోక్వినోన్‌ను మారుస్తుంది. అలా మారినదాన్ని సల్ఫైట్ పట్టుకుని వేరే పదార్థంగా చేస్తుంది. ఈ మార్పులో కొద్ది కొద్దిగా కాస్టిక్ సోడా పుడుతుంది. వెలిగారం రెండే గ్రాములు గనుక దాన్ని మింగగలిగే నిల్వ లేదు. అందువల్ల సుమారు 8.5 దగ్గర మొదలైన పీహెచ్ పైకి పోతుంది. తాజా డెవలపరులో హైడ్రోక్వినోన్ ఎక్కువగా మెటాల్‌కు సాయం చేస్తూ వెనక ఉంటుంది. పీహెచ్ పెరిగేసరికి అది సొంతంగా పనిలోకి దిగుతుంది. ఫలితంగా నెగటివు నల్లబడుతుంది, ఛాయల మధ్య తేడా మోటుగా మారుతుంది. హైడ్రోక్వినోన్ కొంత ఖర్చయినా, మిగిలినదాని చురుకు పెరగడం వల్ల మొత్తం మీద డెవలపరు వాడి పెరుగుతుంది. గాలి తగులుతూ ఇంకా చాలాకాలం ఉంటే చివరికి బలం పడిపోతుంది. మా సూపరింటెండెంటుగారు చెప్పినది ఆ చివరి దశకు సరిపోయే మాట.

జాడీ ఎంత ఖాళీ అయితే గాలి అంత ఎక్కువ. రెండు నెలల సరుకు ఒకే జాడీలో కలిపి, రోజూ మూత తీసి కొంచెం కొంచెం వాడుకోమన్న నా నోటు, ఈ మార్పు జరగడానికి కావలసిన ఏర్పాట్లన్నీ చేసిపెట్టింది.

దీనికి మందు కూడా అప్పుడే కనిపెట్టారు. వెలిగారం 2 గ్రాముల బదులు 8 గ్రాములు వేసి, దానికి బోరిక్ యాసిడ్ 8 గ్రాములు జతచేశారు. క్యారమ్ బోర్డు మీద పిల్లలు చల్లుకునే బోరిక్ పౌడరే అది. వెలిగారం పీహెచ్‌ను పైకి లాగితే బోరిక్ యాసిడ్ కిందికి లాగుతుంది. మొదటి పీహెచ్ దాదాపు పాతదే, కానీ నిల్వ అనేక రెట్లు పెరిగింది. పుట్టిన కాస్టిక్‌ను బోరిక్ యాసిడ్ మింగేస్తుంది. ఈ ఫార్ములాకు డి-76డి అని పేరు. మా స్టోర్సులో బోరిక్ యాసిడ్ కొనాలంటే ఒక చిన్న ఇండెంటు చాలు. లేదా పాత పద్ధతిలో వారం వారం కలుపుకున్నా చాలు.

మన ఎండల సంగతి

వేడి దేశాల్లో క్షారం మరో రకంగానూ బాధించింది. క్షారంలో జెలటిన్ ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కుళాయి నీళ్లే వెచ్చగా వస్తాయి గనుక ఆ పొర మరీ మెత్తబడి గోరు తగిలితే లేచివచ్చేది. పైగా కార్బొనేట్ డెవలపరులోంచి తీసిన ఫిల్మును ఆమ్లం ఉన్న తొట్టెలో వేస్తే, నిమ్మకాయ సోడాలో పొంగినట్టు కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టి పొరలో బొబ్బలు లేచేవి. అందుకని కొడాక్‌వారు కొడాక్ పేరు కలిసివచ్చేలా కొడాల్క్ అనే సోడియం మెటాబోరేట్‌ను ప్రవేశపెట్టారు. ఇది వెలిగారం కుటుంబానిదే గనుక ఆమ్లం తగిలినా బుడగలు రావు. వేడి దేశాల ఫార్ములాల్లో జెలటిన్ ఉబ్బకుండా సోడియం సల్ఫేట్ కూడా కలిపేవారు. మా డార్క్ రూమ్‌లో అయితే ఐసు ముక్కలు తెచ్చి తొట్టె చుట్టూ వేసేవారు. ఆ ఐసు బిల్లులు కూడా నేనే పాస్ చేయించాను.

1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌వారి ‘ఇందు’ సరుకు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కర్మాగారం తర్వాత మూతపడింది. ప్రభుత్వ కార్యాలయాల్లో డార్క్ రూములూ పోయాయి. మన పెళ్లిళ్ల ఫొటోలు, సర్వీసులో చేరిన నాటి గ్రూపు ఫొటోలు మాత్రం ఈ క్షారాల చలవవల్లే ఇళ్లలో గోడల మీద ఉన్నాయి. వాటి నెగటివులు ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి. తేమ తగలకుండా కాగితపు కవర్లలో పెట్టి ఉంచండి.

మెమోకు జవాబు

ఆ అసిస్టెంటుగారు ఇప్పుడు లేరు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆనాటివారు రాయకపోయినా గుర్తుపడతారు. ఆయన శ్రీమతి మన సంఘంలో ఫ్యామిలీ పెన్షనరు. పుస్తకం చదివి విషయం పూర్తిగా అర్థమైన తర్వాత వారింటికి వెళ్లాను. ఆనాటి నోటు నాదేనని, డ్రాఫ్టు కూడా నాదేనని, ఆయన రాసిన నాలుగు వాక్యాలూ నిజమేనని చెప్పాను.

ఆమె కాఫీ తెచ్చి ఇచ్చి, "ఆయన అప్పుడే చెప్పారు కదండీ అన్నయ్యగారూ" అన్నారు. నాకు జవాబు తోచలేదు. లేచి వస్తుంటే, "మీ చేత్తో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, పిల్లలకు చూపిస్తాను" అని అడిగారు.

కాగితం కన్నా పదిమందీ చదివే మన సంచికలో రాయడమే సబబని ఇక్కడ రాస్తున్నాను. పై చదువులు లేకపోయినా, రోజూ ఆ పనిలో చేతులు తడుపుకునే మనిషి తన కళ్లతో చూసినది చెప్పాడు. బల్లల ముందు కూర్చున్న మేము మా లోకజ్ఞానంతో కొట్టిపారేశాం. ఒక్కరమైనా, జాడీలోని పాత డెవలపరుతో ఒక ముక్క, కొత్తగా కలిపిన దానితో ఒక ముక్క కడిగి పోల్చి చూద్దామని అనలేదు. అరగంట పని. ఆ అరగంట ఖర్చు చేయకుండా ఒక సర్వీసు రిజిస్టరులో మందలింపు రాశాం.

సర్వీసు రిజిస్టరును ఇప్పుడు దిద్దడం ఎవరి చేతిలోనూ లేదు. రికవరీ అయిన సొమ్మూ తిరిగి రాదు. 1979లో ఆ ఫిల్ములు పాడవడానికి కారణం సీసాలో పెరిగిన క్షారమేగానీ కడిగిన మనిషి అజాగ్రత్త కాదని, ఆ డ్రాఫ్టు రాసిన గుమాస్తాగా ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.